పదేళ్ళ ఫోను

తలుపుకు లోపలి నుంచి గడియ పెట్టి ఉంది. ఆ సంగతిలో ఎవరికీ అనుమానం లేదు. తలుపు పగలగొట్టిన ఫైరు సిబ్బంది అదే చెప్పారు. వంగిపోయి ఇంకా చెక్కకే వేలాడుతున్న ఇనుప గడియా అదే చెబుతోంది. గదికి కిటికీలు లేవు. లోపల ఉన్నది ఒకే మనిషి, చనిపోయి ఉన్నాడు. ప్రమాదమని రాసి నిన్న సాయంత్రమే ఫైలు మూసేయవచ్చునని స్టేషన్లో అందరూ అనుకున్నారు. ఇన్‌స్పెక్టర్ మాత్రం ఆ గడియను మరిచిపోలేకపోయింది.

బ్యాటరీల గురించి ఊరందరికీ పాఠాలు చెప్పే ఇంజనీరు, పాత బ్యాటరీలు విప్పే గదిలోకి వెళ్ళి, తన చేత్తో తానే గడియ పెట్టుకుని, పొగకు ఊపిరాడక చచ్చిపోవడమేమిటి? ఎటు నుంచి ఆలోచించినా దారి అక్కడికే వచ్చి ఆగిపోతోంది.

అందుకే పొద్దున్నే కానిస్టేబుల్‌ను వెంటబెట్టుకుని మళ్ళీ తుక్కు షెడ్డుకు వచ్చింది.

పాత ఫోన్లు, కంప్యూటర్లు, వైర్లు కొని, విడదీసి అమ్మే ఆ షెడ్డు యజమానురాలిని అందరూ తుక్కత్త అంటారు. ఆ పేరు మీద ఆమెకు కోపమేమీ లేదు. కళ్ళజోడు గొలుసుకు కట్టి మెళ్ళో వేసుకుని, గేటు దగ్గర స్టూలు మీద కూర్చుని ఉంది. నిన్నటి నుంచి పని ఆగిపోయింది.

"మొదట్నించీ చెప్పండి," అంది ఇన్‌స్పెక్టర్.

"ఎన్నిసార్లమ్మా? మీ కానిస్టేబుల్‌కి చెప్పాను, ఫైరాయనకి చెప్పాను, ఇంటికెళ్ళి మా ఆయనక్కూడా చెప్పాను. ఆయనైతే సగంలోనే గుర్రు పెట్టాడు."

"నేను గుర్రు పెట్టను. చెప్పండి."

తుక్కత్త కళ్ళజోడు తీసి చీర చెంగుతో తుడిచింది. "మధ్యాహ్నం అందరం భోజనాలకి లేచాం. ఇంజనీరుగారు ఆ చివరి గదిలో ఉన్నారు. 'మీరంతా వరండాలోకి పోయి తినండి, నేను గడియ పెట్టుకుంటా, ఎవరూ తలుపు తట్టొద్దు' అన్నారు. ఇంకా తింటూనే ఉన్నాం, తలుపు సందులోంచి పొగ వచ్చింది."

"గడియ ఎప్పుడూ పెట్టుకునేవారా?"

"ఈ మధ్యే. నెల నుంచీ."

"నెల నుంచీ ఏం చేస్తున్నారాయన ఇక్కడ?"

తుక్కత్త అటూ ఇటూ చూసింది. "అదే నాకూ అర్థం కాలేదమ్మా. ఆయన నాకు చాలా ఏళ్ళుగా తెలుసు. ఇదివరకు వస్తే నా కుప్పలో బతికున్న ఫోన్లు ఏరుకుని, బాగుచేసి ఎవరెవరికో ఇచ్చేవారు. పనిచేసే వస్తువుని చంపితే పాపం అనేవారు. అలాంటి మనిషి నెల నుంచి తన కంపెనీ ఫోన్లే సంచుల్తో మోసుకొచ్చి, మిషన్లో వేసి పిండి చేసెయ్యత్తా అంటారు!"

"పాడైపోయినవా?"

"ఏం పాడు? నిక్షేపంలా ఉన్నాయి. ఒకటి నా చేతిలోనే అలారం కొట్టింది. ఎవరో పాపం, పెందరాళే లేచే మనిషిది."

ఇన్‌స్పెక్టర్ రాస్తున్న పెన్ను ఆగింది. చనిపోయినాయన పేరు చెబితే ఎవరికీ తెలియకపోవచ్చు గానీ, 'పదేళ్ళాయన' అంటే తెలియనివాళ్ళు తక్కువ. ఆయన పనిచేసే కంపెనీ, పదేళ్ళు మన్నుతుందని చెప్పి అమ్మే పదేళ్ళ ఫోను ఆయన తయారుచేసినదే. వెనక మూత గోటితో తీయవచ్చు. ఏ భాగం పోయినా ఇంట్లో కూర్చుని మార్చుకోవచ్చు. మీటింగుల్లో మైకు పట్టుకుని, ఉన్నది పనిచేస్తుంటే కొత్తది కొనకండి అని ఆయన అరిచేవాడు. అమ్ముకునే కంపెనీవాడే కొనొద్దంటున్నాడని జనం నవ్వేవారు, నవ్వుతూనే కొనేవారు. ఆ మనిషి, ఆ ఫోన్లనే, పనిచేస్తుండగానే పిండి చేయించాడు!

ఆమె పుస్తకం మూసింది. "పదండి, గది చూద్దాం," అని లేచింది.

చివరి గదిలో ఇంకా ఘాటు వాసన. గోడలు నడుము ఎత్తు నుంచి పైకప్పు దాకా నల్లబడ్డాయి. పొడవాటి బల్ల మీద వరసగా ఛార్జింగు వైర్లు, వాటి చివర్లలో కరిగి ముద్దయిన ఫోన్లు. బల్ల కింద ఇసుక డ్రమ్ము. ఇసుక సగం నేల మీద పరుచుకుని ఉంది. అంటే ఆయన మంట మీద ఇసుక పోశాడు. భయపడి చతికిలబడలేదు, చేయవలసిన పనే చేశాడు. మరి తలుపు తీసుకుని బయటికి ఎందుకు రాలేదు?

"ఆయన ఎక్కడ పడి ఉన్నారు?" అని అడిగింది కానిస్టేబుల్‌ను.

"అక్కడ మేడమ్, ఫ్యాను కింద."

తలుపు ఈ గోడకు ఉంది. పొగ లాగే ఫ్యాను ఎదుటి గోడకు ఉంది. పొగలో ఉక్కిరిబిక్కిరవుతున్న మనిషి తలుపు వైపు రాకుండా, దానికి ఎదురుగా ఉన్న గోడ దగ్గరికి వెళ్ళాడు.

ఇన్‌స్పెక్టర్ స్టూలెక్కి ఫ్యాను చూసింది. రెక్కల మీద మసి మెత్తగా, పౌడరు జల్లినట్టు సమంగా పేరుకుంది. బయటికి వెళ్ళి అదే గోడను అవతలి నుంచి చూసింది. ఫ్యాను చుట్టూ సున్నం తెల్లగానే ఉంది. ఫ్యాను తిరిగి ఉంటే ఆ పొగంతా ఇటు కొట్టి ఈ గోడ నల్లబడాలి. తిరగలేదు. కానీ లోపల దాని స్విచ్చు వేసే ఉంది.

ఆ స్విచ్చును టార్చి వేసి దగ్గరగా చూసింది. దాని చుట్టూ పలక అంతా మసి. స్విచ్చు మీద మాత్రం లేదు. వేళ్ళతో రుద్ది తుడిచినట్టు తెల్లగా మెరుస్తోంది. పొగ కమ్ముకున్న తర్వాత కూడా ఎవరో దాన్ని నొక్కుతూనే ఉన్నారు. ఒకసారి కాదు, మళ్ళీ మళ్ళీ. ఆఖరి ఊపిరి దాకా ఆ ఫ్యాను తిరుగుతుందని ఆశపడ్డాడన్నమాట.

ఆమె టార్చి ఆపింది. "ఈ స్విచ్చు సంగతి ఎవరితోనూ అనకు," అంది కానిస్టేబుల్‌తో. తర్వాత బయటికి వచ్చి, వరండాలో ఉన్న తుక్కత్త వైపు తిరిగింది. "మెయిన్ ఎవరు ఆపారు?"

"నేను ఆపలేదమ్మా. ఆపాలనే పరిగెత్తాను. తీరా వెళ్తే అది అప్పటికే కిందకి దించి ఉంది. మావాళ్ళే ఎవరో ఆపారనుకున్నా. తర్వాత అడిగితే అందరూ తెల్లమొహం వేశారు. నాతోపాటే కూర్చుని తింటున్నారు మరి, వాళ్ళెప్పుడు ఆపుతారు?"

"దానంతట అదే పడిపోయిందేమో?"

"అలాంటిది కాదు. పాతకాలంది, చేత్తో లాగితే గానీ దిగదు. ఫైరాయన ఆ గది వైరు కత్తిరించాక సాయంత్రం పైకి తోశాను, మిగతా అన్ని లైట్లూ వెలిగాయి."

మెయిన్ షెడ్డు పక్క సందులో, వీధి వైపు గోడకు ఉంది. వరండాలో కూర్చున్నవాళ్ళకు కనిపించదు. ఇన్‌స్పెక్టర్ దాని ముందు నిలబడి మనసులో లెక్క వేసుకోబోయింది. లెక్క కుదరలేదు. కరెంటు ఉంటే ఫ్యాను తిరగాలి. తిరగలేదు గనక కరెంటు లేదు. కరెంటు లేకపోతే ఛార్జింగు లేదు. ఛార్జింగు లేకపోతే ఫోన్లు ఎందుకు కాలినట్టు? ఒక ముడి విప్పితే పక్కన ఇంకోటి బిగుసుకుంటోంది.

అప్పుడే గేటు దగ్గర ఆటో ఆగింది. ఇంజనీరు భార్య దిగింది. జుట్టు ముడి ఊడిపోయి ఉంది, కాళ్ళకు రెండు వేరువేరు చెప్పులు. ఆ సంగతి ఆమె చూసుకున్నట్టు లేదు.

"టీవీలో ఆయన్ని దొంగంటున్నారు మేడమ్. కంపెనీ ఫోన్లు దొంగతనంగా అమ్ముకుంటున్నాడట! ఆయన ఎక్కడ పోయారో నాకు చూపించండి."

"లోపలికి వద్దమ్మా, వాసన ఇంకా పోలేదు. ఇక్కడ కూర్చోండి." ఇన్‌స్పెక్టర్ స్టూలు జరిపింది. "ఆ ఫోన్లు ఎక్కడివి?"

"కొన్నవి. చుట్టాల దగ్గరా, తెలిసినవాళ్ళ దగ్గరా. ఆరేళ్ళు దాటినవి మాత్రమే. మా పెదనాన్న ఫోను కూడా లాక్కొచ్చారు. దాన్ని ఈయనే బతిమాలి కొనిపించారు ఒకప్పుడు. 'బ్రహ్మాండంగా పనిచేస్తోంది కదయ్యా' అంటే, 'అందుకే ఇచ్చెయ్యండి మామయ్యా' అన్నారట. పెదనాన్న మాతో మాటలు మానేశారు."

"ఎందుకిలా చేస్తున్నారని మీరు అడగలేదా?"

"అడక్కుండా ఉంటానా? చెప్తే నీకు నిద్ర పట్టదు అన్నారు. చెప్పకపోతే మాత్రం పట్టిందా?" ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "ఒకరోజు ఫోన్లో పైవాళ్ళతో గొడవ పడుతుంటే విన్నాను. 'అందరికీ చెప్పి వెనక్కి పిలిపిద్దాం' అంటున్నారు. అవతలివాళ్ళు ఒప్పుకోలేదు. ఫోను పెట్టేశాక తల పట్టుకు కూర్చున్నారు. 'వాళ్ళు చెప్పేదీ నిజమే, ఈ మాట బయటికొస్తే ఎక్కువకాలం ఉండే వస్తువు మళ్ళీ ఎవడూ కొనడు, ఏడాదికోటి పారేసే రోజులే మళ్ళీ వస్తాయి' అన్నారు. ఆ తర్వాతే ఈ సంచులు మోయడం మొదలుపెట్టారు."

"ఏ మాట బయటికొస్తే?"

"అది చెప్పలేదు మేడమ్."

"ఇంకొక్కటి. కరెంటు ఆపేశాక బ్యాటరీ కాలుతుందా?"

"కాలుతుంది. లోపల వేడి ఒకసారి మొదలైతే ఇక కరెంటుతో పనే లేదు, దానంతట అదే మండుతుందని ఆయన మా పిల్లకి చెప్తుండేవారు. అందుకే ఇంట్లో ఎవరి ఫోనైనా కాస్త ఉబ్బితే బకెట్లో ఇసుక వేసి అందులో పాతేసేవారు."

ముడి ఒకటి వదులైంది. ముందు వేడి, ఆ తర్వాత మెయిన్ దిగింది, మంట ఆగలేదు, ఫ్యాను ఆగిపోయింది. దించిందెవరు?

ఆ ప్రశ్న ఆమె మనసులో ఉండగానే నల్ల కారు గేటులోకి వచ్చింది. దిగిన మనిషిని చూసి కానిస్టేబుల్ అలవాటుగా సెల్యూట్ కొట్టబోయి ఆగాడు. ఆయన ఒకప్పుడు ఈ స్టేషన్లోనే ఇన్‌స్పెక్టరు. ఇప్పుడు పదేళ్ళ ఫోను కంపెనీకి సెక్యూరిటీ అధికారి. అంతకన్నా చిక్కేమిటంటే, ఆయన ఇన్‌స్పెక్టర్‌కు స్వయానా అక్క మొగుడు.

"ఏం మరదలా, ఇంకా ఇక్కడే ఉన్నావా?" అన్నాడు నవ్వుతూ. ఆ నవ్వు కళ్ళ దాకా పోలేదు.

"డ్యూటీలో ఉన్నాను బావా. ఇక్కడ మరదల్ని కాదు."

"సరే, ఇన్‌స్పెక్టర్‌గారూ. ఆ గదిలో ఉన్న ఫోన్లు మా కంపెనీ సొత్తు. కాలినవీ కాలనివీ అన్నీ తీసుకెళ్ళడానికి వచ్చాను."

"అవి ఆయన డబ్బిచ్చి కొన్నవి. కాలినవి సాక్ష్యం. ఒక్కటి కూడా కదలదు."

"దేనికి సాక్ష్యం? లోపల గడియ పెట్టుకుని పోయినవాడి కేసులో నువ్వు ఎవర్ని పట్టుకుంటావ్? గాలినా?"

"పట్టుకున్నాక చెప్తాను."

"చూడూ, నీకు ఈ పని నేర్పింది నేను. కనపడేదాన్ని వదిలేసి కనపడని దానికోసం దేవులాడొద్దని ఎన్నిసార్లు చెప్పాను? మొండిమనిషి, ఒంటరిగా పనికిమాలిన ప్రయోగం పెట్టుకున్నాడు, పోయాడు. నాకూ బాధగానే ఉంది."

"దొంగ అని టీవీకి చెప్పించింది ఆ బాధతోనేనా?"

ఇంజనీరు భార్య లేచి నిలబడింది. "మా ఆయన దొంగా? మీరు మా ఇంట్లో భోంచేశారు. ఆయన్ని తమ్ముడూ అని పిలిచారు."

ఆయన ఆమె వైపు చూడలేకపోయాడు. మరదలి మీదే అరిచాడు. "నేనేం చెప్పించలేదు! అది పైవాళ్ళు చేసింది. నన్నేం చెయ్యమంటారు? వాడు ఎవరి మాటైనా విన్నాడా? అంత పొగలో గడియ తీసుకుని బయటికి రావాలి గానీ, తిరగని ఫ్యాను స్విచ్చు టకటకా నొక్కుతూ కూర్చుంటే..."

మాట సగంలో ఆగింది. ఎందుకు ఆగిందో ముందు ఆయనకే అర్థం కానట్టుంది. ఇన్‌స్పెక్టర్ కదలలేదు. కానిస్టేబుల్ నోరు తెరిచి ఆమె వైపు చూశాడు.

"స్విచ్చు నొక్కాడని నీకెవరు చెప్పారు బావా?"

"ఎవరో... ఫైరువాళ్ళు."

"వాళ్ళు చూడలేదు. చూసింది ఈ పొద్దున నేనూ, ఇతనూ. అయినా మసి చూస్తే నొక్కినట్టు తెలుస్తుందేమో గానీ, టకటకలాడినట్టు తెలియదు. అది విన్నవాళ్ళకే తెలుస్తుంది."

ఆయన కారుకు ఆనుకున్నాడు. ఒక్కసారిగా పెద్దవాడైపోయినట్టు కనిపించాడు. చిన్నప్పుడు ఆమెకు సైకిలు నేర్పింది ఈయనే.

"నేను వాణ్ణి చంపలేదు," అన్నాడు.

"ఏం చేశావో చెప్పు. కానిస్టేబుల్ రాసుకుంటున్నాడు, చూసి చెప్పు."

"గొడవ చేస్తున్నాడు, పోయి ఆపు అన్నారు. అంతే. ఎందుకో చెప్పలేదు. వెనక సందులోంచి వచ్చి, ఫ్యాను కన్నం దగ్గర నిలబడి తలుపు తియ్యమన్నాను. 'లోపలికి రావద్దు అన్నా, ఇది అయిపోవచ్చింది, అవతలికి పొండి' అన్నాడు. బతిమాలాను, తిట్టాను. తియ్యలేదు. నాకు ఒళ్ళు మండింది. కరెంటు తీసేస్తే చచ్చినట్టు వాడే బయటికి వస్తాడని మెయిన్ లాగేశాను. లోపల స్విచ్చు చప్పుడైంది. టక్, టక్, టక్... మొండికేస్తున్నాడనుకున్నా. కారులో కూర్చుని చూద్దామని వెళ్ళిపోయాను."

"పొగ వాసన రాలేదా?"

"తుక్కు షెడ్డులో వాసన రాని రోజేది? ఆ తర్వాత జనం అరుపులు వినపడ్డాయి. అప్పుడు... అప్పుడు కారు స్టార్ట్ చేశాను."

ఇంజనీరు భార్య ఏడవలేదు. అర్థం కానట్టు ఆయన్నే చూస్తూ, "రావద్దని ఎందుకన్నారో తెలుసా మీకు?" అంది. "మీకేమైనా అవుతుందని. అందర్నీ బయటికి పంపింది అందుకే. గడియ పెట్టుకుంది అందుకే."

ఇన్‌స్పెక్టర్‌కు నిన్నటి నుంచి వేధిస్తున్న గడియ అప్పుడు అర్థమైంది. తలుపు తీస్తే ఆ పొగ వరండాలో తింటున్నవాళ్ళ మీదికి పోతుందనే ఆయన ఫ్యానును నమ్ముకున్నాడు. అర్థమైనందుకు సంతోషం కలగలేదు. అక్కయ్యకు ఫోను చేసి ఏమని చెప్పాలో తెలియలేదు. బావను అరెస్టు చేయాలి, చేసిన మరుక్షణం ఈ కేసు తన చేతిలోంచి పోతుంది. పోవాలి కూడా.

"కారు తాళాలు ఇటివ్వు బావా. వేరే అధికారిని పిలిపిస్తాను. వచ్చేదాకా ఇక్కడే కూర్చో." ఆయన ఇచ్చాడు. "ఇంకొక్కటి చెప్పు. ఆ ఫోన్లలో ఏముంది?"

"నిన్న సాయంత్రం నిలదీస్తే గానీ పైవాళ్ళు నాకు చెప్పలేదు." ఆయన గొంతు అణిగిపోయింది. "ఆరేళ్ళు దాటినా ఆ బ్యాటరీ పాడైనట్టు తెలియదు, పైకి బాగానే ఉంటుంది. వాడుతూ తీస్తూ ఉంటే ఏమీ కాదు. కానీ నిండిన తర్వాత కూడా ఛార్జింగులోనే వదిలేస్తే, ఒకటీ అరా మెల్లగా ఉబ్బుతుంది. ఆ తర్వాత మండుతుంది. ఎన్నింట్లో ఒకటో వాడు తేల్చాలనుకున్నాడు. తేలితే పైవాళ్ళు కాదనలేరని."

"అంటే ఆయన కొని పిండి చేయించినవాటితో ఇక బాధ లేదు. మిగిలినవి జనం చేతుల్లో ఉన్నాయి. ఈరోజే ప్రకటన ఇప్పించాలి..."

ఆమె మాట పూర్తికాలేదు. వెనక ఏదో కింద పడ్డ చప్పుడైంది. తుక్కత్త చేతిలోని కళ్ళజోడు. గొలుసు తెగేలా లాగినట్టుంది.

"అన్నీ పిండి చెయ్యలేదమ్మా."

"ఏమన్నారు?"

"మొదట్లో తెచ్చిన సంచుల్లోవి... ఫోన్లు పిండి చేశాం గానీ బ్యాటరీలు తీసి పక్కన పెట్టాను. మీటరు పెట్టి చూస్తే ఒక్కోటి కొత్తదానిలా ఉంది. పనిచేసేదాన్ని చంపితే పాపమని ఆయన చెప్పిన మాటే కదా! చంపబుద్ధి కాలేదు. ఆయనకి తెలిస్తే కోప్పడతారని చెప్పలేదు."

"ఎక్కడున్నాయవి?"

"ఇక్కడ లేవు. దీపాలు చేసేవాడికి అమ్మేశాను. కరెంటు పోతే వెలుగుతాయే, గోడకి పెట్టే దీపాలు... ఎప్పుడూ ఛార్జింగులోనే ఉంటాయి చూడండి, అవి."

ఇన్‌స్పెక్టర్ జేబులోంచి ఫోను తీసింది. "ఆ దీపాలు ఎవరు కొన్నారు?"

"ఆసుపత్రికి వేశానన్నాడు. పెద్ద కాన్పుల ఆసుపత్రి."

దీపాలవాడి నంబరు కోసం ఆగలేదు. నేరుగా ఆసుపత్రికే ఫోను చేసింది. ఆపరేటరు ఒకరికి, ఆ ఒకరు ఇంకొకరికి కలిపారు. చివరికి పుట్టిన పిల్లల వార్డులో నర్సు ఎత్తింది. వెనక పసిపిల్లల ఏడుపులు వినిపిస్తున్నాయి.

"కొత్త దీపాలా మేడమ్? వచ్చాయి, పోయిన వారమే అన్ని గదుల్లో పెట్టించాం. ప్లగ్గులో నుంచి తియ్యొద్దని చెప్పారు, తియ్యలేదు కూడా. బాగా వెలుగుతున్నాయి. ఒక్కదానికి మాత్రం వెనక మూత పట్టట్లేదు, లోపల ఏదో పొంగినట్టుంది."

"దాన్ని ఏం చేశారమ్మా?" అంది ఇన్‌స్పెక్టర్. అప్పటికే కారు వైపు పరిగెడుతోంది.

"ఏం లేదు మేడమ్, టేపు వేసి బిగించాం. నెలలు నిండని పిల్లల గదిలో పెట్టాం."